వ్యక్తివాదం మీద స్కాలర్‌షిప్ వ్యాసపోటీ: ఇంటి డబ్బుతో చదివేవాళ్లు "నేను" గురించి ఏం రాయాలి?

చెయ్యేటిపిల్ల | కడప

అందరికీ నమస్కారం. మా కాలేజీ పూర్వ విద్యార్థులు కలిసి ఈ ఏడాది ఒక స్కాలర్‌షిప్ పెట్టారు. మార్కులు చూడరంట. ఆదాయం సర్టిఫికెట్ కూడా రెండో విడతలోనే అడుగుతారంట. ముందు వ్యాసం రాయాలి. నోటీసు బోర్డులో అంశం ఇట్లా ఉంది: "వ్యక్తివాదం, నేను అనే భావన: నా జీవితాన్ని నిర్ణయించేది ఎవరు?" 1500 మాటలు మించకూడదు, తెలుగులో రాయొచ్చు, చేత్తోనే రాయాలి. ఎంపికైతే డిగ్రీ అయిపోయేదాకా ఫీజు, హాస్టల్ ఖర్చు వాళ్లే కడతారు.

నా ఇబ్బంది ఏమంటే, మా అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు పోయింది. నేను రాజంపేట దగ్గర పల్లెలో మా అవ్వ దగ్గర పెరిగాను. నా ఫీజు, బస్‌పాస్, ఇప్పుడు ఈ పోస్టు రాస్తున్న ఫోను అన్నీ అమ్మ పంపిన డబ్బే. "నా జీవితం నా నిర్ణయం" అని మొదటి వాక్యం రాసి కొట్టేస్తున్నాను. పోనీ "నేనంటూ ఏమీ లేదు, అంతా కుటుంబమే" అని రాద్దామంటే అదీ నిజం కాదు. ఇంట్లో బీకాం చేరమంటే పట్టుబట్టి బీఏ ఎకనామిక్స్ తీసుకున్నాను. ఆ నిర్ణయం నాదే.

ఇట్లాంటి అంశం మీద రాసినవాళ్లు, చదివినవాళ్లు ఉంటే కాస్త దారి చెప్పండి.

గడియారస్తంభం | అనంతపురం

చెల్లీ, ఇట్లాంటి పోటీల్లో వచ్చిన డబ్బుతోనే నేను పీజీ పూర్తి చేశాను కాబట్టి సూటిగా చెప్తా. ముందు ఫీజు సంగతి చూసుకో, తత్వం తర్వాత. పేపర్లు దిద్దేవాళ్ల దగ్గర కట్టలు కట్టలు ఉంటాయి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు పెడితే గొప్ప. మొదటి పేరాలో నిర్వచనం. రెండో పేరాలో పడమటి ఆలోచనాపరులు, ఎమర్సన్ వ్యాసం 1841, మిల్ పుస్తకం 1859. తర్వాత మనవాళ్లు, ఉపనిషత్తులు, బుద్ధుడు, వివేకానందుడు. చివర్లో వ్యక్తి, సమాజం రెండూ ముఖ్యమే అని బ్యాలెన్స్ చేసి ఒక పద్యంతో ముగించు.

అమ్మ విషయం మాత్రం తీసుకురావద్దు. జాలి కోసం రాశారనుకుంటారు. ఔట్‌లైన్ చాట్‌జీపీటీని అడిగి చేత్తో తిరగరాసుకో, చాలామంది చేస్తున్నదే.

మిద్దెతోట | ప్రొద్దుటూరు

గడియారస్తంభం గారూ, మీరు చెప్పిన పద్ధతిలో రాసిన పేపర్లే నా చేతికి ఎక్కువ వస్తాయి. హైస్కూల్లో తెలుగు చెప్తాను, వ్యాసపోటీల పేపర్లు దిద్దడానికి పిలుస్తుంటారు. "మానవుడు సంఘజీవి" అని మొదలయ్యే పేపర్లు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో రాసిన పిల్లలే పోల్చుకోలేరు.

ఒకసారి నీటి పొదుపు మీద పోటీ. ఒక పిల్లవాడు వాళ్ల వీధి కొళాయి ఎన్ని గంటలకు వస్తుందో, ఆ టైముకి ఎవరి బిందెలు ముందు వరసలో ఉంటాయో, వాళ్లమ్మ బిందె ఎప్పుడూ చివరికి ఎందుకు పోతుందో రాశాడు. అక్షరదోషాలు బోలెడున్నాయి. గదిలో ఉన్న ముగ్గురం ఆ పేపరు ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుని చదివాం. బహుమతి వాడికే ఇచ్చాం.

పాపా, నిర్వచనం జోలికి పోవద్దు. బీకాం వద్దని బీఏ తీసుకున్నానన్నావు కదా, అక్కడ మొదలుపెట్టు. ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది? ఎవరు ఒప్పుకోలేదు? అమ్మ ఫోన్లో ఏమంది?

చాట్‌జీపీటీ గురించి కూడా ఒక మాట. నీ జీవితాన్ని నిర్ణయించేది ఎవరు అని అడిగినప్పుడు ఆ జవాబు వేరేచోట తెచ్చుకుంటే ఫీజు రావచ్చు. ఆ ప్రశ్న దగ్గర నువ్వు కూర్చుని ఆలోచించే నాలుగు రోజులు మాత్రం నీకు మిగలవు. నీ వయసులో ఆ నాలుగు రోజులు అవసరం.

బుగ్గవంక | కడప

డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మా, అంశం మంచిది. అయితే వ్యక్తివాదం అంటే ఏమిటో ముందు నీకు నువ్వు తేల్చుకో. వ్యాసంలో రాయడానికి కాదు, దారి తప్పకుండా ఉండటానికి.

టోక్విల్ అనే ఫ్రెంచి ఆయన 1831లో అమెరికా వెళ్లి తొమ్మిది నెలలు తిరిగాడు. ఆ దేశపు ప్రజాస్వామ్యం మీద రాసిన పుస్తకం రెండో భాగం 1840లో వచ్చింది. అందులో ఆయన స్వార్థాన్ని, వ్యక్తివాదాన్ని విడదీశాడు. స్వార్థం అన్ని కాలాల్లోనూ ఉన్నదే, మనిషి తనను తాను మితిమీరి ప్రేమించుకోవడం. వ్యక్తివాదం మాత్రం నెమ్మదిగా, ఆలోచించి చేసే పని. మనిషి తన కుటుంబం, తన స్నేహితులు అని చిన్న గిరి గీసుకుని, మిగతా సమాజాన్ని దాని మానాన వదిలేస్తాడు. ఆయన చెప్పిన గిరిలో కుటుంబం లోపలే ఉంది, గమనించు. మన సభల్లో వ్యక్తివాదం పడమటిది, కుటుంబం మనది అని రెండు గట్లుగా చెప్పేస్తుంటారు. టోక్విల్ లెక్కన చూస్తే మా పిల్లలు, మా ప్లాటు అనుకుని గేటు వేసుకుని, వీధిలో పొంగే మురుగు కాలవ సంగతి పట్టించుకోని ఇల్లు కూడా వ్యక్తివాదపు ఇల్లే.

మిల్ దారి వేరు. 1859 నాటి ఆయన పుస్తకంలో మూడో అధ్యాయం మొత్తం వ్యక్తిత్వం మీదే ఉంది. తన బతుకు ఎట్లా ఉండాలో లోకం ఎంచిపెడితే సరే అనేవాడికి కోతిలా అనుకరించే శక్తి ఒక్కటి ఉంటే చాలంటాడు. తానే ఎంచుకునేవాడికి పరిశీలన, తర్కం, ముందుచూపు, పట్టుదల అన్నీ కావాలి. అవి వాడితేనే పెరుగుతాయి.

గైడుపుస్తకాల్లో ఉండని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పుస్తకాన్ని మిల్ తన భార్య హారియెట్ టేలర్ స్మృతికి అంకితమిచ్చాడు. ఆమె 1858లో పోయింది. తన రాతల్లో మంచిదంతా ఆమె ప్రేరణేనని, కొంతవరకు ఆమె రాతేనని అక్కడ రాసుకున్నాడు. వ్యక్తిత్వం కోసం అంత గట్టిగా వాదించిన పుస్తకమే ఇద్దరి ఆలోచన. అమ్మ డబ్బుతో చదువుకుంటున్నాను కాబట్టి నాకు "నేను" అనే అర్హత లేదని నువ్వు అనుకోనక్కర్లేదు.

చెయ్యేటిపిల్ల

సార్, టోక్విల్ మాట నాకు కొత్త. చాలా థాంక్స్.

మిద్దెతోట మేడం, ఆ రోజు జరిగింది రాస్తాను. మా మామ బీకాం కంప్యూటర్స్ అయితే ఏదో ఒక ఉద్యోగం వస్తుందన్నాడు. అవ్వ మామ మాటకే తలూపింది. నేను ఇమోలో అమ్మకు ఫోన్ చేసి ఎకనామిక్స్ చదువుతానని చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల ఎవరో పిలుస్తున్నారు, గిన్నెల చప్పుడు. "నీ ఇష్టం" అని కట్ చేసింది. ఆ మాట మనసుతో అనిందో, ఆ ఇంటి మేడం పిలుస్తుంటే తొందరలో అనిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఫారం నింపేటప్పుడు మాత్రం ఆ మాటే పట్టుకుని నింపాను.

పెన్నఒడ్డు | అనంతపురం జిల్లా

నాకు చీనీ తోట ఉంది, కొంచెం చెనిక్కాయ పెడతాను. వ్యక్తి నిర్ణయం, వ్యక్తి నిర్ణయం అని అందరూ అంటున్నారు కాబట్టి మా ఊరి బోర్ల కథ చెప్తా. వ్యాసానికి పనికొస్తే వాడుకోమ్మా.

బోరుకు పర్మిషన్ కావాలని, ఇష్టమొచ్చినచోట వేయకూడదని వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. మా దిక్కు మాత్రం ఎవరి పొలంలో వాళ్లు వేసుకుంటూ పోయినారు. నా బోరులో నీళ్లు బాగా వస్తున్న రోజుల్లో పక్కాయన నాకంటే లోతుకు దింపాడు. నా మోటారు గాలి పోసింది. నేను ఇంకా లోతుకు దింపాను, కింది పొలమాయనది ఎండిపోయింది. ఎవరూ ఎవరికీ ద్రోహం తలపెట్టలేదు. ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి భూమి వాళ్లది, ఎవరి నిర్ణయం వాళ్లది. అప్పులు మాత్రం అందరికీ మిగిలినాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా ఇది, అదీ టైముకి పడదు. భూమి కింద నీళ్లకు గట్లు ఉండవు.

కడాకు మా చుట్టుపక్కల పొలాలోళ్లం కూర్చుని బోర్లన్నీ ఒకే పైపులైనుకు కలిపినాం. వంతుల ప్రకారం నీళ్లు. వరి ఎవరూ పెట్టకూడదు, కొత్త బోరు ఎవరూ వేయకూడదు అని కాగితం రాసుకున్నాం. నా వంతు లేని రోజు నా బోరు నీళ్లు వేరేవాళ్ల చేనుకు పోతుంటాయి, నేను గట్టు మీద కూర్చుని చూస్తుంటాను. నా స్వేచ్ఛ తగ్గింది నిజమే. చెట్లు నిలబడినాయి.

కొండారెడ్డిబురుజు | కర్నూలు

అన్నా, మీ పైపులైను కథ నాకు చాలా నచ్చింది. నేను లా చదువుతున్నాను కాబట్టి ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఆ కాగితం మీద మీ ఇళ్లలో ఆడవాళ్ల సంతకాలు ఉన్నాయా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఊరంతా ఒప్పుకుంది అన్నప్పుడు ఆ ఊరిలో ఎవరెవరు లెక్కలోకి వచ్చారో చూడాలి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేద్కర్ ఈ సంగతే మాట్లాడారు. గ్రామాన్ని పునాదిగా తీసుకోలేదని కొందరు సభ్యులు తప్పుపట్టారు. గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని ఆయన చెప్పారు. ఊరు ఒక్క గొంతుతో మాట్లాడేటప్పుడు ఎవరి గొంతులు లోపలే అణిగిపోతాయో ఆయనకు బాగా తెలుసు. బావి దగ్గరికి రానివ్వని ఊరు కూడా ఊరే కదా.

రాజ్యాంగ పీఠికలో సౌభ్రాతృత్వం గురించిన వాక్యంలో వ్యక్తి గౌరవం, దేశ ఐక్యత రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు ఆ గౌరవం మీదే నిలబడింది. పెళ్లి, తిండి, శరీరం, నమ్మకం లాంటి సొంత విషయాల్లో నిర్ణయం ఆ మనిషిదే. కాబట్టి చెల్లీ, వ్యక్తివాదం దిగుమతి సరుకు అని ఎవరైనా అంటే, మన రాజ్యాంగంలో హక్కులు వ్యక్తికి ఉన్నాయని గట్టిగా రాయి.

ఆంధ్రలో ఆడపిల్లలు గుర్తుపెట్టుకోవాల్సిన చట్టం ఇంకొకటి ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం 1986లో సవరణ చేసింది. 1985 సెప్టెంబర్ 5 నుంచే అమలు. అప్పటికే పెళ్లైపోయిన వాళ్లకు వర్తించలేదు. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చాక కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర అన్నదమ్ముల కోసం హక్కు వదులుకుంటూ సంతకం పెట్టే అక్కచెల్లెళ్లను మీరూ చూసే ఉంటారు.

పెన్నఒడ్డు

లేవమ్మా. పట్టాలు మగోళ్ల పేరు మీదే ఉన్నాయి కాబట్టి సంతకాలూ వాళ్లవే. ఒక్కామెది ఉంది, భర్త పోయాక పట్టా ఆమె పేరుకు మారింది.

అయితే విను. వంతు రోజుల లెక్కన పెట్టుకుందామని మేమంతా అన్నాం. కుదరదని ఆమె పట్టుబట్టింది. కరెంటు పోయిన రోజు వంతు పడినోడికి నీళ్లే రావు కదా, త్రీఫేజు కరెంటు వచ్చిన గంటల లెక్కన పంచుకోవాలనింది. స్టార్టర్ పెట్టె మీద నోటుబుక్కు పెట్టించింది. ఎవరు ఎన్ని గంటలకు ఆన్ చేసినారు, ఎన్నింటికి ఆపినారు అని రాయడం ఆమెతోనే మొదలైంది. ఆ పుస్తకం లేకుంటే మేం ఎప్పుడో కొట్లాడుకుని పైపులు పీక్కునేవాళ్లం. నువ్వన్నది నాకు అర్థమైంది.

బుగ్గవంక

పట్టా మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న చరిత్ర. నిజాం 1800లో మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక 1807 దాకా ఇక్కడ థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు. జమీందారుతోనో, ఊరందరితో కలిపో కాకుండా ఒక్కో రైతుతో నేరుగా శిస్తు లెక్క తేల్చే రైతువారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టింది ఆయనే. రాజ్యం మనిషిని విడిగా గుర్తించేది ఒక్కోసారి హక్కు ఇవ్వడానికి, ఒక్కోసారి పన్ను వసూలుకు. మీ ఇద్దరి కథల మధ్యలో ఈ తేడా ఉంది.

సాల్మియాడ్రైవర్ | కువైట్

రాయచోటి వాణ్ణి. ఇక్కడ ఇంటి డ్రైవరుగా ఉన్నా. ఈ చర్చ మా రూములో అందరికీ చదివి వినిపించినా.

పాపా, మీ అమ్మది 20 నంబరు వీసా అయ్యుంటుంది, ఇంటి పనోళ్లకు అదే. అకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరుతో ముడిపడి ఉంటుంది. ఆ ఇల్లు నచ్చలేదని వేరే చోట పనికి చేరితే పారిపోయినట్టు కేసు పెడతారు. 2015లో ఇక్కడ ఇంటి పనోళ్ల కోసం 68 నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని ఉంది. కొన్ని ఇళ్లలో పాటిస్తారు, కొన్ని ఇళ్లలో చట్టం ఉందని కూడా చెప్పరు. తలుపు లోపల పని చేసే ఆడోళ్లకు ఇంకా కష్టం. మేం డ్రైవర్లం కనీసం రోడ్డు మీదికి వస్తాం, నలుగురిని చూస్తాం.

మీరందరూ నిర్ణయం అంటున్నారు. మా రూములో వాళ్లకు ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి. డబ్బు ఎప్పుడు వేస్తావని అడుగుతారు, తిన్నావా అని అడుగుతారు. నీకు ఏం కావాలని అడిగేవాళ్లు తక్కువ. నువ్వు మీ అమ్మను త్యాగమూర్తి అని రాసే ముందు ఒకసారి ఆమెనే అడుగు. శుక్రవారం ఆమెకు సెలవుందో లేదో అది కూడా అడుగు.

గడియారస్తంభం

అన్న మాట చదివాక నాకు ఒకటి గుర్తొచ్చింది. అయాన్ రాండ్ పేరుతో అమెరికాలో 1985లో పెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఒకటుంది. ఆమె నవలల మీద విద్యార్థులకు వ్యాసపోటీలు పెడుతుంటారు, వేరే దేశాలవాళ్లూ రాయొచ్చు. 1938లో వచ్చిన ఆమె చిన్న నవల ఒకదాంట్లో "నేను" అనే మాటే మిగలని లోకం ఉంటుంది. నేనూ ఒకసారి ఆ పోటీకి రాశాను.

ఆమె వాదన ఈ చర్చకు సరిగ్గా తగులుతుంది. తల్లి తనకోసం టోపీ కొనుక్కోకుండా ఆకలితో ఉన్న బిడ్డకు తిండి పెడితే, ఆ బిడ్డే తనకు ఎక్కువ విలువైతే, అది త్యాగమే కాదంటుంది. తనకు అన్నిటికంటే విలువైనదాన్ని తానే ఎంచుకుంది అంతే. ఆ లెక్కన చెల్లీ, మీ అమ్మ చేసింది త్యాగం కాకపోవచ్చు, ఆమె ఎంపిక. అమ్మ విషయం వద్దని మొదట్లో అన్నాను కదా, ఇట్లా రాసేటట్టైతే జాలి అనే మాటే రాదు.

బుగ్గవంక

బాగా పట్టుకున్నావు నాయనా. రాండ్ ఎక్కడి నుంచి మాట్లాడుతుందో కూడా చూడాలి. ఆమె 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. 1917 విప్లవం తర్వాత వాళ్ల నాన్న మందుల షాపును ప్రజల పేరు చెప్పి స్వాధీనం చేసుకున్నారు. 1926లో అమెరికా చేరింది. "అందరి కోసం" అని ఎవరైనా అంటే ఆమెకు ఆ షాపు తలుపే కనబడి ఉంటుంది. ఆమె కోపాన్ని నేను గౌరవిస్తాను.

నాకు ఒప్పుదల లేనిది ఒక్కటే. ఎంపిక అన్నప్పుడు ఎదురుగా ఎన్ని దారులున్నాయి? ఒకవైపు అప్పు, పంట లేని పొలం, ఇంకోవైపు కువైట్ వీసా. రెండిట్లో ఒకటి ఎంచుకోవడమూ ఎంపికే. కానీ ఆ రెండే ఎందుకు మిగిలాయని అడగకుండా ఆమె ఎంపికను పొగిడితే మన బాధ్యత దులిపేసుకున్నట్టే. ఎకనామిక్స్ విద్యార్థినివి కాబట్టి అమర్త్య సేన్ దగ్గరికి వెళ్లు. మనిషి దగ్గర ఏముంది అన్నది ఒక లెక్క, ఆ మనిషి నిజంగా ఏం చేయగలదు, ఏ బతుకు ఎంచుకోగలదు అన్నది అసలు లెక్క అని ఆయన చెప్తాడు.

"నేను అనే భావన" అని నోటీసులో ఉంది కదా అని ఆత్మ, అనాత్మ అన్నీ కుక్కొద్దు. 1739లో హ్యూమ్ అనే స్కాట్లాండ్ తత్వవేత్త తన లోపలికి చూసుకుంటే వేడి, చలి, ప్రేమ, ద్వేషం తగిలాయి గానీ "నేను" అనేది ఎక్కడా తగల్లేదన్నాడు. బౌద్ధులు అంతకు చాలా ముందే ఆ దారిలో నడిచారు. అద్వైతులు పూర్తిగా ఎదురు చెప్పారు. 1500 మాటల్లో వాటిని తాకి వదిలేయడం కంటే ముట్టకపోవడం మేలు.

చెయ్యేటిపిల్ల

నిన్న శుక్రవారం అమ్మతో చాలాసేపు మాట్లాడాను. ఇక్కడ రాయొచ్చా అని అడిగే రాస్తున్నాను.

సాల్మియా అన్నా, ఈ ఇంట్లో రెండు వారాలకొకసారి శుక్రవారం వదులుతారంట. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోనే ఉందంట. చట్టం సంగతి చెప్పాను. తెలుసంట. "తెలిసినంత మాత్రాన ఇప్పుడే అడగలేను, అకామా రెన్యూవల్ అయ్యాక అడుగుతా" అనింది.

తర్వాత బీఏ రోజు గురించి అడిగాను. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా. "నేను కువైట్ పోతానన్నప్పుడు నీ ఇష్టం అని ఒక్కరూ అనలేదు. మీ తాత తిట్టినాడు, మీ మామ ఏడ్చినాడు, ఊర్లో ఏమేమో అనుకున్నారు. ఎప్పుడన్నా నువ్వు ఏదైనా అడిగితే నీ ఇష్టం అనే అనాలని అప్పుడే అనుకున్నా. అందుకే అన్నా. తొందరలో ఏం అనలేదు."

నాకోసమే పోయావు కదా అమ్మా అన్నాను. "నీకోసమే. నాకూ పోవాలని ఉండె" అనింది. ఎందుకో కూడా చెప్పింది, అది మాత్రం ఎక్కడా రాయొద్దనింది. రాయను.

ఇంకొకటి కూడా చెప్పింది. పోయినసారి లీవుకి వచ్చినప్పుడు రాజంపేటలో రెండున్నర సెంట్ల స్థలం తన పేరు మీద కొనింది. నువ్వు ఊర్లో ఉండవు కదా, పన్ను కట్టడానికి తిరగాలి కదా, నా పేరు మీద పెట్టు అని మామ అన్నాడంట. అమ్మే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి కూర్చుంది. దస్తావేజు రాసే ఆయన వృత్తి దగ్గర "గృహిణి" అని కొట్టాడంట. కువైట్‌లో పని చేస్తానని రాయమనిందంట. ఏదైనా ఒకటేలే అమ్మా అంటే, ఒకటి కాదని చెప్పి మళ్లీ ప్రింటు తీయించిందంట. ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది, నేరుగా బీరువాలో పెట్టేసింది. ఏమిటని నేను అడగలేదు, అమ్మా చెప్పలేదు.

కొండారెడ్డిబురుజు

చెల్లీ, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ సొంత సంపాదనతో కొన్న ఆస్తి పూర్తిగా ఆమెదే. అమ్ముకోవచ్చు, రాసివ్వొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకు ఈ మాట చెప్పు, ఒరిజినల్ దస్తావేజు జాగ్రత్తగా పెట్టుకోమను, ఈసీ (ఆ స్థలం మీద లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) ఒకటి తీసి పెట్టుకోండి.

రాయొద్దన్నది రాయనన్నావు చూడు, ఈ పేజీలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. బహుమతి కోసం ఇంకొకరి మనసులో మాట బయటపెట్టేస్తే, వ్యక్తి గౌరవం గురించి మనం ఇంతసేపు మాట్లాడుకున్నదానికి విలువ ఉండదు.

గడియారస్తంభం

పోటీ రాసే మనిషిగా ఒక్క జాగ్రత్త చెప్తా. అమ్మ భాగం మూడో వంతు దాటనియ్యకు. ప్రశ్న నీ జీవితం గురించి. ఇంత మంచి కథ చేతికొస్తే దాని వెనక నువ్వు దాక్కునే ప్రమాదం ఉంది. ఎకనామిక్స్ ఎందుకు తీసుకున్నావో ఇంతవరకు నువ్వు మాకే చెప్పలేదు.

మిద్దెతోట

అవును పాపా. అది నేనూ అడుగుదామనుకుంటున్నాను.

చెయ్యేటిపిల్ల

చిన్నప్పుడు దినారు రేటు పెరిగితే అవ్వ సంతోషపడేది, తగ్గితే ఆ నెల చికెన్ ఉండేది కాదు. రేటు ఎవరు పెంచుతారు, ఎవరు తగ్గిస్తారు అని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంటర్‌లో మేడం ఒకరోజు మారకపు రేటు పాఠం చెప్పింది. ఆ గంట అయ్యేసరికి ఇదే చదవాలని నాకు అనిపించింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వ్యాసంలో రాస్తాను.

మొదటి డ్రాఫ్టులోంచి ఒక పేరా పెడుతున్నా, చూడండి:

"బీఏలో చేరిన రోజు ఆ నిర్ణయం నా ఒక్కదానిదే అనుకున్నాను. అది నాదే. కానీ నాకు అడిగే వీలు రావడానికి చాలా ముందే ఒకామె ఎవరూ ఒప్పుకోని నిర్ణయం ఒకటి తీసుకుంది. ఆమె తన ఇష్టాన్ని చంపుకుని పోయిందని ఊరు అంటుంది. తనకూ పోవాలని ఉండిందని ఆమె అంటుంది. ఆమె బతుకు గురించి ఊరి మాట కంటే ఆమె మాటే నేను తీసుకుంటాను. నా బతుకు గురించి కూడా నన్నే అడగమని ఈ వ్యాసంలో అడుగుతున్నాను."

పెన్నఒడ్డు

చివరి వాక్యం దగ్గర నాకు గొంతు పట్టుకుంది తల్లీ. నీళ్ల కథ పెట్టకపోయినా పర్వాలేదు.

చెయ్యేటిపిల్ల

పెడుతున్నా అన్నా. వంతుల పుస్తకం పెట్టించిన ఆమె గురించి ఒక పేరా ఉంది. మీ ఊరి పేరు రాయలేదు. నా ఇష్టం ఎక్కడ ఆగాలో చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఒక సందేహం మిగిలింది. అమ్మ ఒక షరతు పెట్టింది. "ఒక తల్లి, ఒక తల్లి అని రాయొద్దు, నా పేరు రాయి" అనింది. నోటీసులో ఏమో వ్యాసం లోపల పేర్లు ఉండకూడదని ఉంది. ఏం చేయాలి?

మిద్దెతోట

ఆ నిబంధన రాసినవాళ్లను గుర్తుపట్టకుండా ఉండటానికి. నీ పేరు, రోల్ నంబరు లోపల ఉండకూడదు. అమ్మ పేరు ఒక్కటీ రాసి, ఇంటిపేరు, ఊరి పేరు వదిలేస్తే సరిపోవాలి. అయినా సొంతంగా అనుకోవద్దు, సోమవారం ఆఫీసులో అడుగు. కుదరదంటే అమ్మకు ముందే చెప్పి, ఏం చేయాలో ఆమెనే అడుగు. కాగితానికి ఒకవైపే రాయి, ఎడమవైపు మార్జిన్ వదులు.

చెయ్యేటిపిల్ల

ఆఫీసులో అడిగాను మేడం. ఇంటిపేరు లేకుండా రాయొచ్చన్నారు. అమ్మకు మెసేజ్ పెట్టాను. ఫెయిర్ కాపీ సగం అయింది, గురువారం ఇచ్చేస్తాను.